మనం చూడని మన రాజమండ్రి

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "రాజమండ్రి యాత్ర గురించి కాసేపు మాట్లాడండి" అన్నారు. ఈ పని నాకే అప్పగించడంలో ఆయన చమత్కారం లేకపోలేదు. కార్యవర్గంలో ఈ యాత్ర ప్రతిపాదన వచ్చిన రోజున అందరికంటే గట్టిగా వ్యతిరేకించినవాణ్ణి నేనే. మినిట్స్ పుస్తకంలో నా అభ్యంతరాలు వరుస నెంబర్లతో సహా ఉన్నాయి. ఒకటి, మనకి తెలియని రాజమండ్రా? అక్కడ కొత్తగా చూడవలసిందేముంది? రెండు, డెబ్భై దాటినవాళ్ళని బస్సెక్కించి ఊరంతా తిప్పితే, జరగరానిది జరిగితే జవాబుదారీ ఎవరు? మూడు, ఫ్యామిలీ పెన్షనర్లని కూడా తీసుకువెళ్ళాలా? ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళు, ఒకరికొకరు పరిచయం లేనివాళ్ళు, ఆ బరువు మనమెందుకు నెత్తిన వేసుకోవాలి?

ముప్పై నాలుగేళ్ళు ఆడిట్‌లో పనిచేసినవాడికి అభ్యంతరం రాయడం ఊపిరి తీసినంత సులువు. అయితే సరైన సమాధానం వచ్చినప్పుడు ఆ పేరాని డ్రాప్ చేయడం కూడా మా శాఖ పద్ధతే. 2024 డిసెంబరులో మనవాళ్ళు 45 మంది ఒక రోజు రాజమండ్రి వెళ్ళి వచ్చారు. వారిలో నేనూ, మా ఇంటావిడా ఉన్నాం. ఆ ఒక్క రోజులో నా మూడు అభ్యంతరాలకీ సమాధానాలు వచ్చాయి. వాటిని మీ అందరి ఎదుట డ్రాప్ చేయడానికే ఇలా నిలబడ్డాను.

ముందు మొదటి అభ్యంతరం సంగతి. 2015లో రాజమహేంద్రవరం అని అధికారికంగా పేరు మారినా, 2022లో జిల్లాలు విడిపోయి మనది కాకినాడ జిల్లా, వాళ్ళది తూర్పు గోదావరి జిల్లా అయినా, మన నోటికి రాజమండ్రి రాజమండ్రే. సర్వీసులో నేను ఆ ఊరు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. టి.ఏ. బిల్లులన్నీ దాచుకుని ఉంటే లెక్క తేలేది. పొద్దున్న బస్సు దిగడం, ఆఫీసుకి పోవడం, రిజిస్టర్లు ముందేసుకు కూర్చోవడం, చీకటిపడ్డాక లాడ్జికి చేరడం. ఆ ఊళ్ళో నాకు తెలిసినవి ఒక బస్టాండు, నాలుగు ఆఫీసులు, ఒక లాడ్జి, రెండు మెస్సులు. ఇంతమాత్రానికి "నాకు తెలియని రాజమండ్రా" అని కార్యవర్గంలో బల్లగుద్ది మాట్లాడాను.

ఉదయం ఆరున్నరకి కాకినాడలో బయలుదేరాం. మనకి గైడుగా ఒప్పుకున్నాయన రాజమండ్రిలో హైస్కూలు సోషల్ మాస్టారుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "హైవే మీద రావద్దండి, కెనాల్ రోడ్డున రండి. కడియంలో నేను బస్సెక్కుతాను" అన్నారు. సామర్లకోట, బిక్కవోలు, అనపర్తి, ద్వారపూడి మీదుగా కాలువ పక్కనే ప్రయాణం. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క చేలు. చిన్నప్పుడు ఈ కాలువలో పడవలెక్కి పెళ్ళిళ్ళకి వెళ్ళిన సంగతులు బస్సులో నలుగురైదుగురు చెప్పుకొచ్చారు. కడియంలో టీకి ఆగినప్పుడు మాస్టారు ఎక్కి, మైకు తీసుకుని మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది: "రెండు గంటలుగా కాలువ పక్కనే వచ్చారు కదా, ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూశారా ఎప్పుడైనా?"

ఎవరూ మాట్లాడలేదు. ధవళేశ్వరం పేరు తెలియనివాళ్ళు మనలో లేరు. బ్యారేజీ మీదుగా కోనసీమకి వెళ్ళనివాళ్ళూ తక్కువే. కానీ దిగి, నిలబడి, కాలువ ఏ మూల మొదలవుతుందో చూసినవాళ్ళు ఆ బస్సులో ముగ్గురో నలుగురో.

ధవళేశ్వరంలో మాస్టారు మమ్మల్ని తీసుకువెళ్ళి నిలబెట్టింది ఆ చోటే. గోదావరి అక్కడ పాయలుగా చీలుతుంది. మధ్యలో లంకలు ఉండటం వల్ల బ్యారేజీ కూడా ఒకే గోడగా ఉండదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. "మీరు లెక్కలవాళ్ళు గనక రాసుకోండి" అంటూ మాస్టారు గేట్లు చెప్పారు. వరసగా 70, 43, 23, 39. మొత్తం 175. ఇప్పుడు కనపడేది కాటన్ కట్టిన ఆనకట్ట కాదనీ, దాని స్థానంలో తరువాతి కాలంలో కట్టిన బ్యారేజీ అనీ, అందుకే దానికి ఆయన పేరు పెట్టారనీ వివరించారు. అసలు ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకు ముందు గోదావరి పక్కనే ఉండి కూడా ఈ ప్రాంతం కరువుతో మాడింది. 1833 నాటి కరువు ఒకటి, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన ఒకటి. కోరంగి అంటే మన కాకినాడ పెరడే గదండీ. ఆ ఉప్పెన సంగతి మన ఊరివాళ్ళకి రాజమండ్రి మాస్టారు చెప్పవలసి వచ్చింది.

దాదాపు పది లక్షల ఎకరాలకి ఇక్కడినుంచే నీరు వెళుతుంది. కాటన్ మ్యూజియంలో ఆనాటి నమూనాలు, యంత్రాలు చూశాం. మనలో ఇరిగేషన్‌లోనూ, రెవెన్యూలోనూ పనిచేసినవారున్నారు. 1986 ఆగస్టు వరదల మాట రాగానే వాళ్ళు మాస్టారి చేతిలో మైకు తీసేసుకున్నారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మనం రేడియోలో వింటూ పెరిగినవాళ్ళం. ఆ ఏడాది మూడో హెచ్చరిక దాటి ఎంతో ఎత్తుకి పోయింది నీళ్ళు. రాత్రంతా గట్టు మీద పెట్రోమాక్స్ లైట్లతో కాపలా కాసినాయన ఒకరు, లంకల నుంచి జనాన్ని పడవల్లో తెచ్చినాయన ఒకరు మన మధ్యే ఉన్నారు. పదేళ్ళుగా ప్రతి నెలా సంఘం ఆఫీసులో వాళ్ళ పక్కన కూర్చుంటున్నాను. డి.ఏ. బకాయిల గురించి తప్ప వేరే మాట వాళ్ళ నోట విన్నది లేదు. నేను అడిగిందీ లేదు.

అక్కడే నా మొదటి అభ్యంతరం పోయింది. ఊరు తెలియడం వేరు, ఊరికి పనిమీద వెళ్ళడం వేరు. చెప్పేవాడొకడు పక్కనుంటే, తెలుసనుకున్నదే కొత్తగా కనిపిస్తుంది. మనలో ఉన్నవాళ్ళు కూడా కొత్తగా కనిపిస్తారు.

ఇక మూడో అభ్యంతరం. రెండోది దాటేశానని అనుకోకండి, దానికి తరవాత వస్తాను. ఇది చెప్పడం నాకు కొంచెం కష్టం. మా ఇంటావిడ అనుమతి తీసుకునే చెబుతున్నాను.

పొద్దున్న కడియంలో ఆగినప్పుడు మా ఆవిడ ఒక బుట్టెడు గులాబీలు కొంది. కడియం వచ్చి పువ్వులు కొనకుండా ఆడవాళ్ళు కదలరు గదా. బస్సు బయలుదేరాక ముందు సీటు నుంచి మొదలుపెట్టి ఆడవాళ్ళకి తలా ఒక పువ్వు ఇస్తూ వెనక్కి వెళ్ళింది. వెనక రెండు వరసల్లో మన ఫ్యామిలీ పెన్షనర్లు తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. అక్కడికి వెళ్ళేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. బుట్టలో పువ్వులున్నాయి. ఒక క్షణం నిలబడి, వెనక్కి తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. కావాలని చేసింది కాదు. పుట్టి పెరిగిన పద్ధతి అది. ఆ తొమ్మిదిమందీ ఏమీ అనుకున్నట్టు కనిపించలేదు. కిటికీలోంచి నర్సరీలు చూస్తున్నారు. వాళ్ళకి అది అలవాటే. బస్సులో మగవాళ్ళం అందరం చూశాం. ఒక్కరమూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు.

ధవళేశ్వరం నుంచి రాజమండ్రి ఊళ్ళోకి వచ్చాక మాస్టారు మమ్మల్ని నేరుగా కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటికి తీసుకువెళ్ళారు. పంతులుగారు 1848లో పుట్టారు, 1919లో పోయారు. ఆ ఇల్లు పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. ఆ ఊళ్ళో 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారని మనం చదువుకున్నదే. పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే. కానీ మాస్టారు పెళ్ళి గురించి ఎక్కువ చెప్పలేదు. పెళ్ళయిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పారు. ఊరు వెలేసింది. వంటమనిషి మానేసింది. నీళ్ళు తెచ్చేవాళ్ళు రావడం మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, ఇంట్లో ఆశ్రయం పొందినవారందరికీ వండిపెట్టారు. ఆవిడకి అప్పటికి ముప్పై ఏళ్ళన్నా ఉన్నాయో లేదో.

మాస్టారు అన్నమాట నాకు ఇంకా గుర్తుంది. "పెళ్ళి చేయించడానికి ధైర్యం ఒకరోజు ఉంటే చాలండి. ఆ తరవాత రోజూ పక్కన కూర్చుని భోంచేయడానికి ఎక్కువ ధైర్యం కావాలి. పేరు పంతులుగారికి వచ్చింది, బిందె మాత్రం ఆవిడ మోసింది" అన్నారు. ఆయనకి పొద్దున్న బస్సులో జరిగింది తెలియదు. ఆయన ముందు సీట్లో మైకు పట్టుకుని ఉన్నారు. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ నేలకేసి చూస్తోంది.

మెయిన్ రోడ్డు దగ్గర భోజనాలు. విస్తళ్ళ ముందు నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మా ఆవిడ వెళ్ళి ఆ తొమ్మిదిమంది మధ్యలో కూర్చుని భోంచేస్తోంది. నలభై ఆరేళ్ళ సంసారంలో ఆవిడ తనంత తాను సీటు మార్చుకోగా నేను చూడటం అదే మొదలు.

ఇప్పుడు రెండో అభ్యంతరం, జవాబుదారీ సంగతి. భోజనాల తరవాత గంటసేపు విశ్రాంతి అనుకున్నాం. రెండున్నరకి లెక్క చూస్తే 44 మందే ఉన్నారు. ఒక మనిషి తక్కువ. కార్యదర్శిగారి ముఖం ఎలా ఉందో నేను చెప్పను. నా ముఖంలో మాత్రం "నేను ముందే చెప్పానా" అనే మాట ఉండి ఉంటుంది. ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. కనపడనిది మా సెక్షన్‌లో నాతో పాటు పనిచేసిన మిత్రుడి భార్య. ఆయన 2010లో రిటైరై, పదకొండు నెలలు తిరక్కుండానే గుండెపోటుతో పోయారు. అప్పటినుంచీ ఆవిడ ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ పనిమీద తప్ప ఇల్లు కదిలింది లేదు.

పావుగంట అందరం నాలుగు వైపులా వెతికాం. ఇంతలో కార్యదర్శిగారికి ఫోను వచ్చింది. కోటగుమ్మం దగ్గర ఒక బట్టల దుకాణం యజమాని. బయలుదేరేటప్పుడు అందరి మెడలోనూ పేరు, రక్తం గ్రూపు, రెండు ఫోను నెంబర్లు రాసిన కార్డులు వేశారు. "స్కూలు పిల్లలమా?" అని వాటిని ఎగతాళి చేసినవాణ్ణి కూడా నేనే. ఆ కార్డు చూసి ఆయన ఫోను చేశాడు. నేనూ, మరొకరూ ఆటోలో వెళ్ళాం. ఆవిడ దుకాణం ముందు కుర్చీలో కూర్చుని రోజ్ మిల్కు తాగుతున్నారు. ఆ దుకాణదారుడే తెప్పించి ఇచ్చాడట. మమ్మల్ని చూసి లేచి నిలబడి, "క్షమించండి అన్నయ్యగారూ, మిమ్మల్నందర్నీ కంగారు పెట్టాను" అన్నారు.

ఎందుకు వచ్చారమ్మా ఒక్కరూ అంటే, ఆవిడ చెప్పిన సంగతి ఇది. క్యాంపుకి వచ్చినప్పుడు మా మిత్రుడూ, నేనూ దిగే లాడ్జి కోటగుమ్మం దగ్గరే. కింద రోజ్ మిల్కు కొట్టు, పైన గదులు అని ఆయన ఇంట్లో చెబుతుండేవారట. ఆ గుర్తులు పట్టుకుని ఆవిడ నడిచి వచ్చారు. లాడ్జి లేదు. ఎన్నేళ్ళయిందో ఎత్తేసి. కింద ఈ బట్టల దుకాణం వచ్చింది. మేడ మాత్రం అలాగే ఉంది.

"అదేనమ్మా" అని పైకి చూపించాను. "ఎడమచేతి వైపు రెండో కిటికీ. అదే మా గది. మీరు కట్టిచ్చిన క్యారేజీ ఆ కిటికీ గట్టు మీదే పెట్టుకుని తినేవాళ్ళం. మొదటి రోజు గోంగూర పచ్చడి నాకు సగం పెట్టేవాడు. రెండో రోజు దాచుకునేవాడు" అన్నాను.

ఆవిడ చాలాసేపు ఆ కిటికీ వైపు చూశారు. "ఇంతేనా అన్నయ్యగారూ! క్యాంపు, క్యాంపు అంటే ఏదో పెద్ద ప్రపంచం అనుకున్నాను. నన్నూ ఒకసారి తీసుకెళ్ళండి, రాజమండ్రి చూస్తానని అడిగేదాన్ని. ఆడిట్ పనిలో ఆడవాళ్ళేమిటి, రిటైరయ్యాక తీరిగ్గా వెళదాం అనేవారు" అన్నారు. అంతే. కన్నీళ్ళు పెట్టుకోలేదు. గ్లాసులో మిగిలిన రోజ్ మిల్కు తాగేసి, "పదండి, అందరూ ఎదురు చూస్తుంటారు" అన్నారు.

అయ్యా, ఫ్యామిలీ పెన్షనర్లకి ఒకరికొకరు పరిచయం లేదని నేను అభ్యంతరం రాశాను. నాలుగు వందలసార్లు నేను చూసిన ఆ కిటికీని ఒక్కసారి చూడటానికి ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి గురించి రాశాను ఆ మాట. ఎవరికి ఎవరు పరిచయం లేదో ఆ దుకాణం ముందు నాకు బాగా అర్థమైంది. మూడో పేరా డ్రాప్ అయింది.

జవాబుదారీ పేరా కూడా పోయింది. ఎందుకంటే మెడలో కార్డు పనిచేసింది, ఊరివాళ్ళ మంచితనం పనిచేసింది. పనిచేయనిది మన లెక్కింపు. అందరూ భోజనం దగ్గరున్నారనుకుని గంటసేపు ఎవరూ చూసుకోలేదు. ఆ తరవాత మాస్టారు ఒక ఉపాయం చెప్పారు. ఇద్దరేసి జతలుగా కట్టి, పక్కవాడు ఉన్నాడా లేడా అని మాత్రమే చూసుకోమన్నారు. నలభై అయిదుమందిని లెక్కపెట్టడం ఒకరికి కష్టం. ఒక్కరిని చూసుకోవడం ఎవరికీ కష్టం కాదు. సాయంత్రం వరకూ మళ్ళీ ఎవరూ తప్పిపోలేదు.

విశ్రాంతి తరవాత దామెర్ల రామారావుగారి చిత్రశాలకి వెళ్ళాం. 1897లో పుట్టి 1925లోనే పోయిన చిత్రకారుడు. ఇరవై ఏడేళ్ళకే జీవితం ముగిసింది. అయినా ఇన్నేళ్ళ తరవాత కూడా జనం వచ్చి ఆయన బొమ్మల ముందు నిలబడుతున్నారు. ఇరవై ఏడేళ్ళకి నేను ప్రొబేషన్ పూర్తిచేసి ఇంక్రిమెంటు కోసం చూస్తున్నాను. అక్కడ మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా కూర్చోకుండా చూశారని మాత్రం మనవి చేస్తాను.

అయిదు గంటలకి గోదావరి గట్టు. రేవులో మెట్లు దిగడం వద్దని మాస్టారు ముందే చెప్పారు. 2015 పుష్కరాల మొదటి రోజున తొక్కిసలాటలో ఎందరో ప్రాణాలు పోయిన ఊరు అది. కాబట్టి అక్కడివాళ్ళకి జాగ్రత్త ఎక్కువ. పైనే కూర్చుని వంతెనలు చూశాం. పాత రైలు వంతెన 1900లో మొదలైంది. దానికి 56 స్పాన్లు. హేవలాక్ వంతెన అంటారు. అది రాకముందు మద్రాసు, కలకత్తా మధ్య రైల్లో వెళ్ళేవాళ్ళు గోదావరి దగ్గర దిగి నది దాటవలసి వచ్చేది. దాని తరవాత 1974లో పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన వచ్చింది. విల్లుల్లాంటి 28 కమానులున్న మూడో వంతెన 1997లో వచ్చింది. ఆ ఏడే పాత వంతెన మీద రైళ్ళు ఆపేశారు.

"97 ఏళ్ళ సర్వీసు! ఒక్కరోజు సస్పెన్షన్ లేదు!" అని మనవాళ్ళొకరు అన్నారు. అందరం నవ్వుకున్నాం. మాస్టారు నవ్వి, "రిటైరైంది గానీ కూలిపోలేదు, చూడండి. రైళ్ళు లేకపోయినా వరద వస్తే ఇప్పటికీ తట్టుకుని నిలబడుతుంది" అన్నారు. సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతున్నాడు. ఎవరూ లేవమనలేదు. అరగంటసేపు 45 మందీ ఊరికే కూర్చున్నారు. సంఘం సమావేశాల్లో అరనిమిషం మౌనం పాటించమంటే దగ్గుతూ ఉంటాం మనం.

తిరుగు ప్రయాణంలో మాస్టారిని దింపడానికి కడియంలో ఆగాం. ఆయన డబ్బు తీసుకోనన్నారు. శాలువా కప్పాం. బస్సు కదలబోతుంటే మా ఆవిడ కనిపించలేదు. జతగాణ్ణి నేనే, కంగారుపడి దిగాను. పక్క నర్సరీలో ఆవిడ తొమ్మిది గులాబీ మొక్కలు కవర్లతో సహా ఎంచి పెట్టుకుని బేరమాడుతోంది. బస్సెక్కి వెనక వరసలకి వెళ్ళి ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కొక్క మొక్క పెట్టింది. "పొద్దున్న పువ్వు ఇవ్వకుండా వెళ్ళిపోయాను వదినా. తప్పయింది" అంది.

ఒకావిడ మొక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "పువ్వయితే ఈపాటికి వాడిపోయేది. ఇదే నయం" అన్నారు. వెనక సీట్లలో నవ్వులు మొదలయ్యాయి. కాకినాడ వచ్చేదాకా ఆగలేదు.

ఇక లెక్కల విషయం చెప్పకపోతే ఆడిట్ మనిషిని అనిపించుకోను. తలా 800 రూపాయల చొప్పున వసూలు 36,000. బస్సుకీ, డ్రైవరు బత్తాకీ 18,000. టిఫిను, టీలు, భోజనం, సాయంత్రం ఫలహారం కలిపి 14,580. శాలువా, ప్రవేశ రుసుములు, కార్డులు, మంచినీళ్ళు వగైరా 2,280. మొత్తం ఖర్చు 34,860. మిగులు 1,140 రూపాయలు సంఘం నిధిలో జమ. వోచర్లు కార్యదర్శిగారి దగ్గరున్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

అనుభవం మీద తెలిసిన సంగతులు కొన్ని, మళ్ళీ వెళ్ళేవారి కోసం చెబుతాను. ఒక రోజులో నాలుగు చోట్లకి మించి పెట్టుకోవద్దు. మేము అయిదో చోటుగా మ్యూజియం ఒకటి పెట్టుకుని మానుకున్నాం, మంచిపనే చేశాం. ప్రతి చోటుకీ ముందు రోజు ఫోను చేసి తెరిచి ఉంటుందో లేదో కనుక్కోవాలి. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది గనక ఇంటినుంచి ఒక గట్టి పీట తెచ్చుకోవాలి. మనవాళ్ళొకరు తెచ్చారు, రోజంతా 45 మందీ ఆ పీట మీదే దిగి ఎక్కారు. గంటన్నరకొకసారి మరుగుదొడ్డి ఉన్నచోట ఆగాలి. ఇది అడగడానికి ఆడవాళ్ళు మొహమాటపడతారు గనక ముందే రాసి పెట్టుకోవాలి. మధ్యాహ్నం వేసుకునే మాత్రలు పెట్టెలో కాకుండా చేతిసంచిలో ఉండాలి. షుగరు ఉన్నవాళ్ళు భోజనం వేళ దాటనివ్వకూడదు, రోజ్ మిల్కు విషయంలో ఎవరి మనస్సాక్షి వారిది. గైడుగా ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన రిటైర్డు మాస్టారు దొరికితే అంతకు మించినది లేదు. ఆయనకి మనంత నిదానంగా నడవడం తెలుసు. గుంపు నడక ఎప్పుడూ అందరికంటే మెల్లగా నడిచేవారిని బట్టి ఉండాలి.

చివరగా ఈ సభ ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, ఇలాంటి ఒకరోజు యాత్ర ప్రతి ఏడూ జరగాలి. సామర్లకోట, పిఠాపురం, అన్నవరం, విశాఖపట్నం, ఏదైనా సరే. దగ్గర ఊరని చులకన చేయవద్దు. దూరపు ఊళ్ళు పిల్లలు చూపిస్తారు, విమానంలో తీసుకెళ్ళి మరీ చూపిస్తారు. దగ్గర ఊరికి మనల్ని ఎవరూ తీసుకెళ్ళరు, మనమే వెళ్ళాలి. రెండు, యాత్ర కబురు మొట్టమొదట ఫ్యామిలీ పెన్షనర్లకి వెళ్ళాలి. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే వాళ్ళకి తెలియదు. కార్యవర్గ సభ్యులెవరైనా భార్యతో సహా ఇంటికి వెళ్ళి పిలవాలి. మన పక్క కుర్చీలో కూర్చుని పనిచేసినవాళ్ళ ఇళ్ళే అవి. తలుపు తట్టడానికి మనకి మొహమాటం ఎందుకు?

రిటైరయ్యాక తీరిగ్గా వెళదాం అని మన అందరం ఇంట్లో చెప్పినవాళ్ళమే. రిటైరయ్యాం. తీరిక ఉంది. బస్సు పీట మీద కాలు పెట్టగలిగినన్నాళ్ళే ఆ మాట నిలబెట్టుకునే అవకాశం కూడా ఉంటుంది.

నా మూడు అభ్యంతరాలూ డ్రాప్ అయినట్టు మినిట్స్‌లో రాయవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను.